వార్తల్లో పదం: హైపోగ్లైసీమియా

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కగట్టింది. షుగర్ పెరగడం గురించి అందరూ మాట్లాడుతున్నారు, పడిపోవడం గురించి మాత్రం తక్కువే. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గడమే హైపోగ్లైసీమియా. 54 కన్నా తక్కువకు దిగితే ప్రమాదం.

భిలాయ్‌లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఖుర్సీపార్‌లో ఉక్కు కర్మాగారం షిఫ్టులను బట్టే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. రాత్రి డ్యూటీ మనిషి గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని, క్యారియర్ మూత తీయకుండానే పనిలోకి దిగాడనుకోండి. తిన్నా తినకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. చెమట, వణుకు, గుండెదడ మొదలవుతాయి. కొలిమి దగ్గర చెమట మామూలే కదా అనుకుంటారు. అసలు ముప్పు అక్కడే!

మరో షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ బెడద అరుదు. గ్లిమిపిరైడ్ కోవకే చెందిన గ్లిబెన్‌క్లమైడ్ మాత్రం 60 ఏళ్లు దాటినవారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనే రాసి ఉంది.

షుగర్ పడిపోతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలో కలవనివ్వదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తరలించాలి.

షిఫ్టు మారినప్పుడు మాత్ర వేళను మీరే మార్చుకోకండి, డాక్టరును అడగండి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి.