ఎదురుచూడవలసిన వేళ, పరుగెత్తవలసిన వేళ



"సిస్టరమ్మా, ఇంకా ఎన్నాళ్ళు?" వార్డులో మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. రోగి మంచం మీద ఉంటే మీరు వరండాలో చాప మీద ఉంటారు. ఇంటి దగ్గర గేదె, పొలంలో కోత, బడికి వెళ్ళే పిల్లలు, చేబదులు తెచ్చిన డబ్బు అన్నీ మనసులో తిరుగుతాయి. "ఇంత ప్రార్థన చేస్తున్నాం, దేవుడు ఎందుకు ఆలస్యం చేస్తున్నాడు?" అని కొందరు కన్నీళ్ళతో అడుగుతారు. అలా అడగడం అవిశ్వాసం కాదు. 13వ కీర్తనలో దావీదు కూడా ఆ ప్రశ్నే పదే పదే అడిగాడు.

ఓర్పు అంటే ఏమిటి?

యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో ఓర్పుకు రైతును ఉదాహరణగా చూపించాడు. మన తోట్లవల్లూరు లంకల్లో పసుపు, కంద వేసేవారికి ఈ మాట వేరే వివరించనక్కరలేదు. పసుపు కొమ్ము నాటిన తరువాత ఎనిమిది, తొమ్మిది నెలలు ఆగాలి. తొందరపడి తవ్వితే దుంప ఊరదు. అయితే ఆ నెలలన్నీ రైతు గట్టు మీద కూర్చోడు. నీరు పెడతాడు, కలుపు తీస్తాడు, ఎరువు వేస్తాడు. మన పని మనం చేస్తూ, ఫలితం వచ్చే రోజును దేవునికి విడిచిపెట్టడమే ఓర్పు.

మన బందరులో జరిగిన సంగతి

1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు మిషనరీలు చర్చి మిషనరీ సొసైటీ తరఫున మచిలీపట్నం వచ్చారు. ఫాక్స్ గారు తెలుగు నేర్చుకుని ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. నోబుల్ గారు 1843లో బడి పెట్టారు. 1845లో ఫాక్స్ గారి భార్య మరణించారు. తరువాత ఆయన ఆరోగ్యమూ చెడింది. 1848లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, ఆ సంవత్సరమే 31 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

నోబుల్ గారి బడిలో మొదటి ఫలం 1852లో కనిపించింది. మంచాల రత్నం, ఐనాల భూషణం అనే విద్యార్థులు బాప్తిస్మం పొందారు. ఊళ్ళో గగ్గోలు లేచి, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు. నోబుల్ గారు విసుగు చెందక మళ్ళీ పిల్లలను కూడగట్టారు. ఆ ఇద్దరు యువకులు తరువాత పాదిరులయ్యారు. నోబుల్ గారు 1865లో బందరులోనే ప్రభువు నందు నిద్రించారు. ఆ బడే నేటి నోబుల్ కాలేజీ.

ఫాక్స్ గారు ఇదేమీ చూడలేదు. ఆయన ప్రార్థనలు వ్యర్థం కాలేదు, కాని జవాబు ఆయన ఆయుష్షు దాటిన తరువాత వచ్చింది. అందువల్ల "విశ్వసిస్తే ఫలానా రోజుకు నయమైపోతుంది" అని మేము మీకు మాట ఇవ్వలేము. మనం కోరిన రోజు గడిచిపోయినా దేవుడు మనలను విడిచిపోలేదని మాత్రం చెప్పగలం.

మందుకు కూడా ఒక కాలం ఉంది

కుష్ఠరోగియైన నయమానును యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమన్నారు (2 రాజులు 5). ఆరుసార్లు మునిగి గట్టెక్కి ఉంటే ఏమయ్యేది? చాలా ఇళ్ళలో ఇదే జరుగుతోంది.

క్షయ: సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలు. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. "నయమైంది కదా" అని అప్పుడే మానేస్తారు. కాని మిగిలిన క్రిములు నెమ్మదిగా చస్తాయి. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, మామూలు మందులకు లొంగకుండా పోవచ్చు. మూత్రం ఎర్రగా వస్తే భయపడవద్దు, అది మందు రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషకాహారానికి ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు చేశారు.

టైఫాయిడ్: సరైన మందు మొదలుపెట్టినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. రెండో రోజే డిశ్చార్జి అడిగి వేరే ఇంజక్షన్ల కోసం వెళ్ళవద్దు. జ్వరం దిగినా కోర్సు పూర్తి చేయండి.

విరిగిన ఎముక: చేతికి సుమారు ఆరు వారాలు, తొడ ఎముకకు మూడు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. దురద పుట్టిందని కట్టు విప్పవద్దు. వేళ్ళు నల్లబడినా, తిమ్మిరెక్కినా మాత్రం ఆగకుండా రండి.

ఇక్కడ ఆగకూడదు

దేవుని సమయం కోసం కనిపెట్టడం వేరు, ఆసుపత్రికి ఆలస్యంగా రావడం వేరు. ఈ సందర్భాలలో వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రార్థన బండిలో చేసుకోండి.

1. పాముకాటు. కోయవద్దు, నోటితో పీల్చవద్దు, బిగించి కట్టవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి తీసుకురండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు.

2. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం.

3. మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడడం. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు పడాలి.

4. డెంగ్యూలో జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మత్తు. ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగిన ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది.

5. గర్భిణికి రక్తస్రావం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి.

హిజ్కియా రాజు ప్రార్థించినప్పుడు దేవుడు విన్నాడు. అయినా పుండు మీద అంజూరపు ముద్ద వేయమని యెషయా చెప్పాడు (2 రాజులు 20). ప్రార్థనకూ మందుకూ పోటీ లేదు.

కనిపెట్టే రోజుల్లో మీరు

వంతులు వేసుకుని నిద్రపోండి. వేళకు తినండి. డాక్టరుగారిని అడగవలసినవి చీటీ మీద వ్రాసుకోండి. పసరు గాని, బయటి మందు గాని మాకు చెప్పకుండా ఇవ్వవద్దు. ఖర్చు భారమైతే దాచుకోకుండా చెప్పండి. దారి ఉందేమో కలిసి చూద్దాం. మీరు విసిగిపోయిన రోజున పక్క మంచం వారికి కాసిని మంచినీళ్ళు అందించండి. వారి భారం కొంత తగ్గుతుంది, మీదీ తగ్గుతుంది.

ప్రార్థన: ప్రభువా, ఆగవలసిన చోట ఆగే ఓర్పును, పరుగెత్తవలసిన చోట పరుగెత్తే తెలివిని మాకు దయచేయుము. మా వారిని నీ చేతిలో ఉంచుతున్నాము. ఆమేన్.