అప్పు తీరింది.. మరి మచ్చ?

ఒకప్పుడు మన పల్లెల్లో మనిషిని చూసి అప్పు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మూడంకెల నంబరు చూసి ఇస్తున్నారు. అదే సిబిల్ స్కోరు. 300 నుంచి 900 దాకా ఉండే ఈ అంకె పట్నంలో క్రెడిట్ కార్డులు గీకేవాళ్లకే కదా, మనకెందుకు అనుకునేవాళ్లు ఖమ్మం, భద్రాచలం వైపు ఇంకా చాలామంది ఉన్నారు. ట్రాక్టర్ లోను, బైకు ఫైనాన్సు, బంగారం తాకట్టు.. ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయని వాళ్లకి ఎప్పుడు తెలుస్తుందంటే, ఇంకో అప్పు కోసం బ్యాంకుకి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాక.

మా మేనమామకి అలాగే తెలిసింది. బూర్గంపాడు దగ్గర ఆయనకి మూడెకరాల సొంత పొలం, నాలుగెకరాల కౌలు. 2021-22 సీజన్లో మా వైపు మిర్చిని తామర పురుగు తినేసింది. తేరుకుందామని పత్తి పెడితే 2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ జులై 16న నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత పెద్ద వరద అదే. చేనంతా ఒండ్రు కింద పోయింది, ట్రాక్టర్ కిస్తీలు ఆగిపోయాయి. చివరికి ఎకరం అమ్మి బాకీ తీర్చాడు. తీరా 2024లో కూతురి చదువుకి విద్యా రుణం అడిగితే 'మీ సిబిల్ బాలేదు' అన్నారు.

"అల్లుడూ, పైసలన్నీ కట్టినాక ఇంకా బాకీ ఎట్లుంటది?" అని ఫోన్ చేశాడు మామయ్య. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కాబట్టి ఇంట్లో ఇలాంటి పనులన్నీ నా నెత్తినే పడతాయి.

ముందు రిపోర్టు తెప్పించాం. మన దేశంలో ఈ లెక్కలు రాసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ప్రకారం ఒక్కో సంస్థ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. మామయ్య స్కోరు 584. ఎందుకో వెతికితే మూడు కారణాలు దొరికాయి.

మొదటిది ట్రాక్టర్ లోను. ఖాతా మూసేశారు గానీ, పక్కన 'సెటిల్డ్' అని రాసుంది. ఒకేసారి కడితే కొంత తగ్గిస్తామన్న ఒప్పందం మీద మామయ్య కట్టాడు. ఆయన దృష్టిలో అప్పు తీరింది. బ్యాంకుల భాషలో మాత్రం పూర్తిగా తీరితే 'క్లోజ్డ్', రాయితీతో తీరితే 'సెటిల్డ్'. వదిలేసిన ముప్పై ఎనిమిది వేలు కూడా కట్టేసి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, ఖాతాని 'క్లోజ్డ్' అని మార్పించాం. ఇలా చేయాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెండోది శుద్ధ తప్పు. ఎప్పుడో తీరిన బైకు లోను ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తోంది. రసీదులు పెట్టి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం. స్కోరు సంస్థ తనంతట తాను అంకెలు దిద్దదు. అప్పిచ్చినవాళ్లని అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే మారుస్తుంది. అందుకే ఇద్దరికీ రాయడం మేలు. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. మాకు మూడు వారాల్లోనే సరిచేశారు. అప్పటికీ తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సాయానికి 14448కి ఫోన్ చేస్తే చాలు.

మూడోది మామయ్యకి అసలు గుర్తే లేదు. పక్క చేను రైతుకి ఎప్పుడో జామీను సంతకం పెట్టాడు. ఆయన కిస్తీలు తప్పితే ఆ మరక ఈయన రిపోర్టులోకీ వచ్చింది. దీనికి ఆన్‌లైన్ మంత్రం ఏమీ లేదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, పత్తి డబ్బు రాగానే ఆయన పాత కిస్తీలు కట్టేశాడు.

తప్పులు దిద్దినంత మాత్రాన స్కోరు మర్నాడే లేవదు. కొత్తగా మంచి చరిత్ర రాసుకోవాలి. మామయ్య చిన్న బంగారం లోను తీసుకుని గడువులోపే తీర్చాడు, పంట రుణం సకాలంలో రెన్యువల్ చేయించాడు. 2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలన్న నిబంధన వచ్చింది కాబట్టి, మంచైనా చెడైనా తొందరగానే ఎక్కడం మొదలైంది. పధ్నాలుగు నెలలకి స్కోరు 712 అయింది. మొదటి ఏడాది ఫీజు అందరం తలా ఇంత వేసుకుని కట్టాం. రెండో ఏడాదికి విద్యా రుణం మంజూరైంది.

ఇంత తిప్పలు ఎందుకంటారా? బ్యాంకు తలుపు మూసుకుంటే రైతుకి మిగిలేది ఎరువుల కొట్టు షావుకారే. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. పైగా పంట ఆయనకే అమ్మాలి. అదే పంట రుణం గడువులో కడితే పడేది 4 శాతమే.

'ఐదు వేలిస్తే సిబిల్ క్లియర్ చేస్తాం' అనేవాళ్లని మాత్రం నమ్మకండి. నిజంగా తప్పిన కిస్తీని ఎవరూ చెరపలేరు. ఆ వివరాలు కనీసం ఏడేళ్లు ఉంచాలని నిబంధనే చెబుతోంది. కాకపోతే పాతబడే కొద్దీ దాని బరువు తగ్గుతుంది.

వరదో పురుగో పంటని దెబ్బతీసినప్పుడు, కిస్తీ తప్పాక కాకుండా తప్పకముందే బ్యాంకుకి వెళ్లి గడువు మార్చమని అర్జీ పెట్టండి. విపత్తు ప్రాంతాల్లో రుణాల గడువు పెంచే వీలు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లోనే ఉంది. రుణమాఫీ అయినవాళ్లు కూడా ఆ ఖాతా రిపోర్టులో సరిగ్గా ఎక్కిందో లేదో ఓసారి చూసుకోండి. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు తప్పు పడితే ఊరుకుంటామా? ఇదీ అంతే.