పై చదువుల ఖర్చుకు పన్నులో ఊరట

ఖమ్మం జిల్లా బోనకల్ వంటి మండల కేంద్రాల్లో వ్యవసాయ ఆదాయానికి పన్ను లేనందున రైతు కుటుంబాలకు పై చదువుల ఖర్చుపై పన్ను ఊరట విషయం పెద్దగా తగలకపోయినా, పిల్లలను ఖమ్మం, విజయవాడ, హైదరాబాద్ కళాశాలల్లో చదివించే ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, వ్యాపారులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. అమెరికాలో కట్టవలసిన పన్నులోనుంచే కొంత మొత్తాన్ని కొట్టివేసే పద్ధతి ఉండగా, భారతదేశంలో మినహాయింపు, అంటే పన్ను లెక్కించే ఆదాయాన్ని తగ్గించే పద్ధతి, అమలులో ఉంది.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ సెక్షన్ ప్రకారం, దేశంలోని విద్యాసంస్థలో పూర్తికాల కోర్సు చదివే ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజును, బీమా, భవిష్య నిధి తదితరాలతో కలిపి ఏడాదికి రూ. 1.5 లక్షల వరకు మినహాయించుకోవచ్చు. విరాళాలు, హాస్టల్, బస్సు ఖర్చులు ఇందులోకి రావు. 80ఈ సెక్షన్ విద్యారుణంపై కట్టిన వడ్డీకి వర్తిస్తుంది; దీనికి గరిష్ఠ పరిమితి లేదు గాని, వడ్డీ కట్టడం మొదలైన ఏడాదితో కలిపి 8 ఏళ్లే గడువు, అదీ బ్యాంకు వంటి ఆర్థిక సంస్థ లేదా ఆమోదిత ధార్మిక సంస్థ ఇచ్చిన రుణమై ఉండాలి. బంధువుల చేబదులుకు, అసలు చెల్లింపుకు ఇది వర్తించదు. ఉదాహరణకు 20 శాతం శ్లాబులో ఉన్నవారు రూ. 60,000 వడ్డీ కడితే, 4 శాతం సెస్సుతో కలిపి రూ. 12,480 పన్ను ఆదా అవుతుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి. ఈ రెండు ఊరటలూ పాత పన్ను విధానంలోనే దక్కుతాయి కనుక, పాత, కొత్త పన్ను విధానాలు రెండింటిలోనూ లెక్క వేసుకుని, ఫీజు రసీదులు, బ్యాంకు వడ్డీ ధ్రువపత్రం భద్రపరచుకున్న తరువాతే రిటర్ను దాఖలు చేయడం మేలు.