అనుకరణ నుంచి ఆర్జవానికి: తెలుగు ప్రణయ హాస్య చిత్రాల ఆకర్షణ

కీలకపదాలు: ప్రణయ హాస్య చిత్రం, ఆర్జవం, శృంగారం, హాస్యం, మిస్సమ్మ, జాషువా

1. ప్రవేశిక

తెలుగు సినిమా విమర్శలో పౌరాణికాలకూ సాంఘిక సమస్యాచిత్రాలకూ దక్కినంత చోటు ప్రణయ హాస్య చిత్రాలకు దక్కలేదు. ‘కాలక్షేపం’ అన్న ఒక్క మాటతో వాటిని పక్కకు పెట్టడం పరిపాటి. కానీ 1955 నాటి ‘మిస్సమ్మ’ను తాతలతో కలిసి మనవలూ చూస్తున్నారంటే, ఆ కాలక్షేపం వెనుక పరిశీలించదగిన విషయమేదో ఉన్నట్లే.

పల్నాడులో సాహిత్యపాఠం చెప్పేవారికి ఈ ప్రశ్న మరికొంత పదునుగా ఎదురవుతుంది. ‘పల్నాటి వీరచరిత్ర’లో బాలచంద్రుడు యుద్ధానికి వెళ్ళేముందు మాంచాలను చూడవస్తాడు, ఆమె అతణ్ణి కదనానికే సాగనంపుతుంది. అక్కడ శృంగారం వీరానికి అంగం. మన వాణిజ్య చిత్రాల్లో అధికభాగం ఈ అమరికనే అనుసరించి, ప్రేమను కథానాయకుని పరాక్రమానికి ఒక నెపంగా వాడుకున్నాయి. ప్రణయ హాస్య చిత్రం దీనిని తలకిందులు చేస్తుంది. ఇందులో నాయకుడు తడబడాలి, దొరికిపోవాలి, నవ్వులపాలు కావాలి. అప్పుడుగాని నాయిక అతని వైపు తిరిగి చూడదు.

2. హాస్యం, శృంగారం: తిరుగు ప్రయాణం

హాస్యం శృంగారం నుంచి పుడుతుందని, శృంగారానికి అనుకరణమే హాస్యమని భరతుని నాట్యశాస్త్రం చెబుతుంది. మనం చర్చిస్తున్న చిత్రాలు ఈ దారిలోనే వెనక్కి నడుస్తాయి. పాత్రలు మొదట ప్రేమను, దాంపత్యాన్ని అనుకరిస్తాయి. ఆ అనుకరణ నవ్విస్తుంది. క్రమంగా అది నటనగా మిగలక, అసలైన శృంగారంగా మారుతుంది. ఈ మార్పు జరిగే క్షణంలో పాత్రకు కలిగే ఇబ్బందినే ఇక్కడ ‘ఆర్జవం’ అంటున్నాను. నిజం చెప్పడం ఒక్కటే ఆర్జవం కాదు. చెప్పిన అబద్ధం బరువెక్కడం కూడా ఆర్జవమే.

‘మిస్సమ్మ’లో ఉద్యోగం కోసం మేరీ, ఎం.టి.రావు భార్యాభర్తలమని చెప్పి అప్పాపురం బడిలో చేరుతారు. నిరుద్యోగమే వారిచేత ఆ అబద్ధం ఆడించింది కాబట్టి ప్రేక్షకుడు వారిని మోసగాళ్ళుగా చూడడు. రావు సీతకు సంగీతం నేర్పుతుంటే మేరీకి కోపం వస్తుంది. లేని భర్త మీద ఉన్న అసూయ అది! ఆమె నోటితో ఒప్పుకోనిదాన్ని సావిత్రి ముఖం ముందే ఒప్పేసుకుంటుంది. పింగళి నాగేంద్రరావు సంభాషణల్లో కనిపించే పొదుపుకు ఈ నటనే ఆసరా.

పొత్తూరి విజయలక్ష్మి ‘ప్రేమలేఖ’ ఆధారంగా జంధ్యాల తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984)లో, ఊహాపురుషునికి సరదాగా రాసిన ఉత్తరం ఆనందరావు చేతికి చేరుతుంది. రాసినవారికి అది ఆట. చదివినవాడు మాత్రం అక్షరాలా నమ్ముతాడు. నవ్వు పుట్టించేది ఆ నమ్మకమే, అతణ్ణి మనకు దగ్గర చేసేదీ అదే. ఆస్కార్ వైల్డ్ నాటకం ప్రేరణగా మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన ‘అష్టాచమ్మా’ (2008) దొంగపేరు మీద నడుస్తుంది. అయితే చమత్కారం పాలు ఎక్కువై, అబద్ధం బరువు కొంత తేలిపోయిందని నా అభిప్రాయం. శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ (2004) దారి వేరు. అక్కడ కథను కదిలించేది అబద్ధం కాదు, పెళ్ళిలో ఏ చీర కట్టుకోవాలన్న విషయంలో రూప పట్టిన పట్టు.

3. మేరీ పేరు

ఇంతవరకు చెప్పిన ఆర్జవానికి ఒక హద్దు ఉంది. ‘మిస్సమ్మ’ చివర మేరీ క్రైస్తవురాలు కాదనీ, జమీందారు దంపతుల తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అనీ తేలుతుంది. మతాంతర ప్రేమగా ఎదిగిన బంధం పుట్టుమచ్చ సాక్ష్యంతో నిరపాయకరమైన పెళ్ళిగా మారిపోతుంది. చక్రపాణి, నాగిరెడ్ల నిర్మాణ చాతుర్యాన్ని మెచ్చుకుంటూనే ఈ ముగింపును ప్రశ్నించాలి. ఇద్దరి అబద్ధం అప్పటికే నిజమైంది. కథ మాత్రం చివరిక్షణంలో మరో అబద్ధాన్ని ఆశ్రయించింది.

వినుకొండ తరగతిగదిలో ఈ ముగింపును గురించి మాట్లాడుతూ జాషువాను తలచుకోకుండా ఉండలేం. 1895లో ఇక్కడే జన్మించిన ఆ కవి తల్లిదండ్రులు వేర్వేరు కులాలవారు, కుటుంబం క్రైస్తవం. సినిమా చివరిరీలులో తప్పించుకున్న ప్రశ్న ఆయనకు పుట్టుకతోనే ఎదురైంది. సందేశకావ్య సంప్రదాయంలో మేఘదూతాన్ని విరహం నడిపితే, ‘గబ్బిలం’లో దూతను కాశీకి పంపినది అంటరానితనపు వేదన. ప్రణయానికి ఏర్పడిన కావ్యరూపంలో ప్రణయానికే అడ్డుపడే వ్యవస్థను ఆయన నిలబెట్టాడు.

తరుణ్ భాస్కర్ ‘పెళ్ళిచూపులు’ (2016)లో పొరపాటున మరో ఇంటికి వెళ్ళిన యువకుడు, తలుపు తెరుచుకోని గదిలో ఒక అపరిచితతో మనసువిప్పి మాట్లాడతాడు. ఆ సంభాషణలోని సహజత్వం అపురూపం. కాని పెళ్ళిచూపులన్నవి సాధారణంగా కులం సరిచూసుకున్నాకే జరిగే తతంగం; చిత్రం ఆ విషయాన్ని కథావస్తువు చేయలేదు.

వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) ఆ పని చేసింది. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు అన్న నాలుగు పేర్లతో నాలుగు ప్రేమకథలు నడుస్తాయి. జోసెఫ్, భార్గవిల ప్రేమ పెళ్ళిదాకా రాదు. ఆ నలుగురూ ఒకే మనిషని చివర తెలుస్తుంది. మేరీ పేరు మారితే పెళ్ళికి దారి దొరికింది. ఇతనికి ఒక్కో పేరుతో ఒక్కో ప్రేమ చేజారింది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, రాజుగా, రాధ పక్కన పీటలమీద కూర్చున్నాడు.