తొలి ట్యాంకు కిట్: పెట్టె మీది బొమ్మను నమ్మకండి

మా చిత్తూరు జిల్లా ఐరాలలో ట్యాంకు అంటే రెండే అర్థాలు. ఒకటి మిద్దె మీద నీళ్ళది. రెండోది చెరువు, మనం చెరువు అనేదాన్ని ఇరిగేషన్ వాళ్ళ కాగితాలు ట్యాంక్ అనే రాస్తాయి. అందుకే నేను ట్యాంకు కిట్ తెప్పించుకున్నానని చెప్పినప్పుడు పక్కింటి పెద్దాయన "ఎన్ని లీటర్లది నాయనా?" అని అడిగినాడు. నవ్వొచ్చింది గానీ, ఆయన ప్రశ్నలో చరిత్ర లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ యుద్ధ బండిని గుట్టుగా తయారు చేయించేటప్పుడు, అడిగినవాళ్ళకు ఇది నీళ్ళ తొట్టి అని చెప్పించింది. 1916 సెప్టెంబర్ 15న సోమ్ యుద్ధరంగంలో దిగేనాటికి ఆ దొంగపేరే అసలు పేరైపోయింది.

ఆ పెట్టె నా మొదటి కిట్. పూర్తి కాలేదు. ఇప్పటికీ అటక మీదే ఉంది. ఆ తర్వాత పూర్తి చేసినవి, చెడగొట్టినవి, బంధువుల పిల్లలు కొని నా ఒళ్ళో పడేసినవి చూశాక, కొనేముందు మనందరి బుర్రలో ఉండే అపోహలు ఇంచుమించు ఒకటేనని తెలిసింది.

అపోహ: ఇది పిల్లల ఆటబొమ్మ.

కాణిపాకం బ్రహ్మోత్సవాలు జరిగే 21 రోజులూ గుడి చుట్టూ అంగళ్ళలో దొరికేది ఆటబొమ్మ. కీ ఇస్తే నడుస్తుంది, నిప్పురవ్వలు చిమ్ముతుంది. కిట్ అలాంటిది కాదు. పెట్టె తెరిస్తే పాలిస్టైరిన్ ప్లాస్టిక్ చట్రాలు, వాటికి కాయల్లా అంటుకుని వందా రెండొందల ముక్కలు, నీళ్ళలో నానబెట్టి అతికించే గుర్తుల కాగితం, బొమ్మలతో ఒక చిన్న పుస్తకం ఉంటాయి. కత్తి, జిగురు, రంగు మనమే తెచ్చుకోవాలి. చాలా పెట్టెల మీద 14 ఏళ్ళు పైబడినవాళ్ళకు అని ఉండేది అందుకే.

అపోహ: ఎంత పేరున్న ట్యాంకు అయితే అంత మంచి మొదలు.

ఇదే అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచింది. ఫోన్లో యుద్ధం ఆట ఆడి వచ్చిన మా మేనల్లుడు "మామా, టైగరే కావాల" అని పట్టుబట్టినాడు. జర్మనీ వాళ్ళ టైగర్ అంటే పేరే కదా. పెట్టె మీద బొమ్మ కూడా భయంకరంగా ఉంది. రెండు రోజులకు వాడు చట్రాలు తీసుకుని మా ఇంటికొచ్చినాడు, మొహం వేలాడేసుకుని.

కారణం చక్రాలు. తొలినాళ్ళ టైగర్‌కు ఒక్కో పక్క 24 చక్రాలు, తమలపాకుల కట్టలాగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. రెండు పక్కలా కలిపి 48. ఒక్కో చక్రాన్నీ చట్రం నుంచి కత్తిరించాలి, మిగిలిన మొటిమను కత్తితో చెక్కాలి, అంచు చుట్టూ ఉన్న అచ్చు గీతను ఉప్పుకాగితంతో రుద్దాలి, ఉక్కు భాగానికి ఒక రంగు, రబ్బరు అంచుకు నలుపు వేయాలి. చేయి తిరిగినవాడికే చక్రానికి పది నిమిషాలు పడుతుంది. అంటే చక్రాలకే ఎనిమిది గంటలు. ట్యాంకు ఇంకా మొదలే కాలేదు.

రష్యా వాళ్ళ టి-34కి గానీ, టి-55కి గానీ పక్కకు ఐదు జతలు, మొత్తం 20 చక్రాలు. అమెరికా షెర్మన్‌కు 12 చక్రాలే. కాకపోతే రెండేసి చక్రాలకు ఒక బోగీ చొప్పున ఆరు బోగీలను ముందుగా కూర్చుకోవాలి, అక్కడ కాస్త ఓపిక కావాలి. బ్రిటన్ సెంచూరియన్‌కు చక్రాలు 24 ఉన్నా, పై సగం పక్క రేకుల చాటున దాక్కుంటుంది. తప్పు చేసినా కనబడదు. కొత్తవాడికి ఇంతకంటే దయగల ట్యాంకు ఉండదు.

కొనేముందు ఆ కిట్ చట్రాల ఫోటో చూసి చక్రాలు లెక్కపెట్టుకోండి. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి.

అపోహ: మన సైన్యం ట్యాంకులకు కిట్లు ఉండవు, అన్నీ జర్మనీ, అమెరికా బండ్లే.

తిరుపతి నుంచి చెన్నైకి రైలెక్కితే అరక్కోణం, తిరువళ్ళూరు దాటినాక ఆవడి వస్తుంది. 1961లో మొదలైన అక్కడి హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ నుంచే 1965లో విజయంత ట్యాంకు బయటికొచ్చింది. తర్వాత టి-72 అజేయ, టి-90 భీష్మ, అర్జున్ అన్నీ అక్కడివే. అంటే మన చిత్తూరు వాళ్ళకు ట్యాంకుల పుట్టిల్లు కూతవేటు దూరమే.

టి-72, టి-90ల కిట్లు రష్యా కంపెనీ జ్వెజ్దా, చైనా కంపెనీలు ట్రంపెటర్, మెంగ్ చేస్తాయి. ఒక చిన్న తేడా చూసుకోవాలి. రష్యా టి-90కి ఫిరంగికి అటూ ఇటూ ఎర్ర కళ్ళలాంటి దీపాలుంటాయి. మన భీష్మకు అవి లేవు. కిట్‌లో వచ్చాయి కదా అని అతికిస్తే అది మన ట్యాంకు కాదు.

1971 యుద్ధం కథలు ఇష్టమైతే ఇంకా సులువు. నవంబర్‌లో గరీబ్‌పూర్‌లో పోరాడిన పీటీ-76ను మన జవాన్లు పిప్పా అని పిలిచారు. పంజాబీలో అది నెయ్యి డబ్బా. నీళ్ళ మీద తేలే బండి కాబట్టి ఆ పేరు. 2023లో ఆ పేరుతోనే హిందీ సినిమా కూడా వచ్చింది. మనం నూనె పీపా అంటామే, ఆ మాటకు పిప్పా చుట్టమే అయ్యుంటుంది. అదే యుద్ధంలో బసంతర్ దగ్గర 21 ఏళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్ నడిపింది సెంచూరియన్. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. పాకిస్తాన్ దగ్గరున్న చైనా టైప్-59 అచ్చం మన టి-55 లాగే ఉండటంతో, మనవాళ్ళు మనవాళ్ళనే కాల్చకుండా టి-55 ఫిరంగి గొట్టం మధ్యలో ఒక డొల్ల డబ్బాను బిగించారు. ఆ డబ్బాను మనం కాగితం చుట్టి చేసుకోవచ్చు. కిట్‌లో లేని ముక్కను సొంతంగా చేసి పెట్టిన రోజు వచ్చే గర్వం వేరు.

ఎద్దుమైలారంలో, మెదక్ ఫ్యాక్టరీ అని పిలిచే చోట తయారయ్యే శరత్‌ను కూడా చాలామంది ట్యాంకు అంటారు గానీ అది ట్యాంకు కాదు. ముగ్గురు సిబ్బందితో పాటు వెనక ఏడుగురు సైనికులను మోసుకెళ్ళే పోరాట వాహనం అది. మూలం రష్యా బీఎంపీ-2, దానికీ కిట్లున్నాయి. తెలుగునేల మీద తయారైన బండి మీ బల్ల మీద ఉండాలనుకుంటే అదీ మంచి ఎంపికే.

అపోహ: చిన్నది సులువు. లేదా, పెద్దది సులువు.

రెండూ తప్పే. టి-72 ఫిరంగితో కలిపి సుమారు తొమ్మిదిన్నర మీటర్ల పొడవు. 1/72 కొలతలో, అంటే అసలుకు 72వ వంతుగా, అది 13 సెంటీమీటర్లు, 1/35లో 27, 1/16లో దాదాపు 60. చిన్నదాంట్లో ముక్కలు తక్కువే, కానీ వాటిని పట్టుకోవడానికి కంసాలి శ్రావణం కావాలి. అరవై సెంటీమీటర్లదానికి ఇంట్లో చోటెక్కడ? మనిషి బొమ్మ ఐదు సెంటీమీటర్లు వచ్చే 1/35 చేతికి సరిగ్గా కుదురుతుంది.

ఈ 35 ఎక్కడిదంటే, 1960ల మొదట్లో జపాన్ తమియా కంపెనీ పాంథర్ ట్యాంకు కిట్‌ను మోటారుతో నడిచేలా చేయాలనుకుంది. మోటారూ రెండు బ్యాటరీలూ పట్టేలా ఒళ్ళు గీసుకున్నారు. తర్వాత కొలిస్తే 35వ వంతు తేలింది. ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది. శాస్త్రం అనుకున్నది ఒక బ్యాటరీ గూడు!

అపోహ: ముక్కలు ఎక్కువ, ధర ఎక్కువ ఉన్నదే మంచి కిట్.

ముక్కలు ఎక్కువుంటే పని ఎక్కువ, అంతే. కొన్ని ఖరీదైన కిట్లలో చక్రాల చుట్టూ తిరిగే పట్టా విడి లింకులుగా వస్తుంది. టి-55కి ఒక్కో పక్కకు తొంభై దాకా కూర్చాలి. వాటికి తోడు రేకు నుంచి వంచుకునే వెంట్రుకంత ఇత్తడి ముక్కలు, లోపల ఇంజను, సీట్లు, గుండ్ల అరలు ఉంటాయి. అవన్నీ మూత పెట్టాక కనబడవు. మొదటిసారికి మెత్తటి వినైల్ పట్టాలైనా, నాలుగైదు పెద్ద ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ పట్టాలైనా ఉన్న కిట్ తీసుకోండి.

మరో మాయ: కొత్త పెట్టెలో పాత అచ్చు. యాభై ఏళ్ళనాటి అచ్చుతో తీసిన ముక్కలే కొత్త బొమ్మతో, కొన్నిసార్లు వేరే కంపెనీ పేరుతో అమ్ముడవుతాయి. పాత అచ్చులన్నీ చెడ్డవి కావు, కానీ అంచులు కలవకపోతే తప్పు మీ చేతిది అనుకుంటారు. అచ్చు ఏ ఏటిదో కొనేముందే కనుక్కోండి.

అపోహ: జిగురు ఏదైనా జిగురే.

నా మొదటి కిట్ అటకెక్కింది ఇందుకే. అంగట్లో ఐదు రూపాయలకు దొరికే, క్షణంలో అంటుకునే చిన్న ట్యూబుతో పని కానిచ్చి, ఫిరంగి ఉండే టరెట్ మూసి, గాలాడని స్టీలు డబ్బాలో పెట్టి పడుకున్నా. తెల్లారి చూస్తే జిగురు పెట్టిన చోటల్లా విభూతి పూసినట్టు తెల్లగా పొడి. తుడిస్తే పోలేదు. ఫిరంగి గొట్టం పట్టుకుంటే టక్కున ఊడింది. ఆ జిగురు ఆవిరి గాలిలోని తేమతో కలిసి చుట్టుపక్కల పేరుకుని తెల్లబడుతుంది, పైగా ఎండాక పెళుసు. తప్పు జిగురుది కాదు, నాది.

ప్లాస్టిక్ కిట్లకు వాడేది ద్రవంగా ఉండే సిమెంటు. అది అతికించదు, పాలిస్టైరిన్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. రెండు అంచులూ కలిపి పట్టుకుని కుంచె మొన ఆనిస్తే చాలు, సందులోకి దానంతటదే పాకుతుంది. మనం చెక్కకు వాడే తెల్ల జిగురు ఇక్కడ పట్టదు, పారదర్శకమైన అద్దం ముక్కలకు మాత్రం పనికొస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ వాసన ఒంటికి మంచిది కాదు.

అపోహ: కంప్రెసర్, ఎయిర్‌బ్రష్ లేనిదే రంగు కుదరదు.

కుదురుతుంది. చాలా ట్యాంకులు ఒకే రంగు బండ్లు, దుమ్ము కొట్టుకుపోయే బండ్లు. స్ప్రే డబ్బాతో ఒక పూత, మంచి కుంచె ఒకటి చాలు. విమానానికైతే అద్దాల మూత, నున్నటి మెరుపు, గీత కనబడని అతుకులు కావాలి. ట్యాంకుకు అవేవీ అక్కర్లేదు, తప్పుల మీద బురద పూయొచ్చు. ఒక్క హెచ్చరిక: మా చేనిలో ఎర్రమట్టి జల్లెడ పట్టి పూస్తే పంజాబ్‌లో పోరాడిన ట్యాంకు రాదు, ఐరాల ట్రాక్టరు వస్తుంది. అనుభవంతో చెబుతున్నా.

మా మేనల్లుడి టైగర్ ఇప్పుడు నా అటక మీద నా పాత కిట్ పక్కన ఉంది. వాడికి టి-55 పెట్టె ఇప్పించినా. మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య మిగతావాటికంటే ఎక్కువ ఎడం ఉంటుంది, అదే ఆ ట్యాంకు గుర్తు. అది తిరగేసి అతికించకుంటే చాలు. మీరూ అదే తెచ్చుకుంటే, కత్తి పట్టేముందు చట్రం మీద చక్రాలు ఇరవై ఉన్నాయో లేదో సరిచూసుకోండి.