ఎరువుల రాయితీ: బస్తా ధరలో రైతుకు దక్కినదెంత?

విశాఖపట్నం: రేవులో దిగే రాక్ ఫాస్ఫేట్, ఫాస్ఫారిక్ ఆమ్లం, గంధకం ఖరీదుకూ, పల్లెలో రైతు కొనే ఎరువు బస్తా ధరకూ దగ్గర సంబంధం వున్నది. 1967లో ఉత్పత్తి ప్రారంభించిన ఇక్కడి కోరమాండల్ ఎరువుల కర్మాగారానికి ముడిసరుకు ఓడలపై వస్తుంది. పొటాష్‌కైతే దేశం దాదాపు పూర్తిగా దిగుమతులపైనే ఆధారపడి వున్నది.

ధరల నియంత్రణ వున్నంతకాలం విదేశీ మార్కెట్ ఒడిదుడుకులు రైతును నేరుగా తాకలేదు. అమ్మకం ధరను కేంద్రం నిర్ణయించి, కంపెనీకి అయ్యే ఖర్చుకూ ఆ ధరకూ గల తేడాను తానే భరించేది. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గింపుతో దిగుమతులు ప్రియమై, ఖజానాపై భారం హెచ్చింది. 1992 ఆగస్టు 25న ఫాస్ఫేట్, పొటాష్ ఎరువులపై నియంత్రణను కేంద్రం ఎత్తివేసింది. యూరియాను మాత్రం నియంత్రణలోనే వుంచి, టన్ను ధరను రూ.3,060 నుంచి రూ.2,760కు తగ్గించింది.

రైతులకు ఊరటగా ఆ రబీ నుంచి డి.ఎ.పి., పొటాష్‌లపై టన్నుకు రూ.1,000 రాయితీ ప్రకటించారు. టన్నుకు 20 బస్తాల లెక్కన ఇది బస్తాకు రూ.50 మాత్రమే. అంతకుముందు రూ.85 వున్న పొటాష్ బస్తా, రాయితీ పోను కూడా రెట్టింపు ధర దాటింది.

ఫలితం ఊహించినదే. చౌకైన యూరియా వైపు రైతులు మొగ్గారు. దేశంలో ఒక పాలు పొటాష్‌కు 1991-92లో 5.9 పాళ్లు నత్రజని వాడగా, మరుసటి ఏడు అది 9.5 పాళ్లకు పెరిగింది. నత్రజని మితిమీరితే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, తెగుళ్లు సోకుతాయి. పొటాష్ చాలకపోతే తాలు హెచ్చుతుంది. బస్తా దగ్గర మిగిలిన డబ్బు కళ్లంలో పోయినట్లే.

2010 ఏప్రిల్ 1న పోషకాల ఆధారిత రాయితీ వచ్చినప్పుడూ యూరియాను అందులో చేర్చలేదు. పాత తేడా కొనసాగింది.

ఈ అనుభవం చెప్పేది ఒకటే. రాయితీ ఎన్ని కోట్లన్నది సగం లెక్క. ఒక బస్తాకూ మరో బస్తాకూ మధ్య ధరల పొందిక ఎలా వున్నదన్నది మిగతా సగం. రైతు ఏ ఎరువు ఎంత వేసేదీ ఆ పొందికే నిర్ణయిస్తుంది. కొనేముందు భూసార పరీక్ష చేయించుకోవడం, బస్తాపై ముద్రించిన ధర చూసుకోవడం రైతు చేతిలో వున్న జాగ్రత్తలు.