పల్లె బాణీ – పాటల యంత్రం

తీర్థంలోనో, పెండ్లి ఊరేగింపులోనో ఒక పాట వినబడగానే పిల్లల కాళ్లు వాటంతటవే కదులుతాయి. అటువంటి పాట ఎట్లా తయారవుతుంది? అందులో శాస్త్రం పాలెంత, మనిషి పాలెంత?

కోనసీమవారికి తెలిసిన ఉదాహరణమే తీసుకుందాం. 2004లో వచ్చిన ‘ఆర్య’ చిత్రంలోని ‘ఆ అంటే అమలాపురం’ పాట తెలుగునాట మారుమోగింది. రచన వేటూరిగారిది. దర్శకుడు సుకుమార్‌గారిది రాజోలు ప్రాంతంలోని మట్టపర్రు. ఆయన అంతకుముందు గణితం బోధించేవారు. సంగీతం కూర్చిన దేవిశ్రీ ప్రసాద్‌గారు వెదురుపాకవారు, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారి శిష్యులు.

ఆ పాట ఎత్తుగడ చూడండి. అక్షరం చెప్పి, దానితో మొదలయ్యే మాట చెప్పడం మనం పలకా బలపం పట్టిననాడే నేర్చుకున్నాం. అనగా వినకముందే పాటలో కొంత మన జ్ఞాపకంలో ఉన్నదన్నమాట. ఒకదానిని పలుమార్లు చూచినా, విన్నా దానిపై ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జయాన్స్ 1968లో ప్రయోగాలతో చూపాడు. పల్లవి తిరిగి తిరిగి రావడంలో ఉన్న బలం ఇదే.

రెండవది నడక. పల్లె దరువులలో తరచు వినబడేది తిస్రగతి. అంటే ఒక్కొక్క దెబ్బను మూడు సమభాగాలు చేసి ‘తకిట, తకిట’ అని నడపడం. కొవ్వూరులో పుట్టిన కీరవాణిగారి ‘నాటు నాటు’కు 2023లో ఆస్కారు బహుమతి వచ్చింది గదా, దాని నడక కూడ ఇదే. నిమిషానికి 120 దెబ్బలైతే దెబ్బకు అర సెకను. అందులో మూడవ భాగం సెకనులో ఆరవ వంతు. నేడు వాద్యాలను వేరువేరు రోజులలో రికార్డు చేసినా, అందరూ చెవిలో ఒకే ‘టిక్కు’ వింటూ వాయిస్తారు. కనుకనే తరువాత అన్నీ కలిపినపుడు దెబ్బ తప్పదు.

మూడవది శ్రుతి. ఇక్కడొక వింత ఉన్నది. కోనసీమ పొలాలలో చమురు, వాయువుల కోసం వెదికేటపుడు నేలలో చిన్న పేలుడు జరిపి, లోపలి పొరల నుండి తిరిగివచ్చే తరంగాలను నమోదు చేస్తారు. ఆ తరంగాన్ని కొంచెం కొంచెంగా జరిపి, దానితోనే దానిని పోల్చి చూస్తే అందులోని ప్రతిధ్వనులు బయటపడతాయి. చమురు అన్వేషణలో ఇట్టి గణితంతో పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే అమెరికా ఇంజనీరు, దానినే గొంతుకు వర్తింపజేసి 1997లో ‘ఆటో ట్యూన్’ను వెలువరించాడు. కంఠధ్వని తరంగాన్ని సెకనులో 430వ వంతు జరిపితే తనతో తాను సరిపోయిందనుకుందాం. అప్పుడు ఆ స్వరం సెకనుకు 430 కంపనాలు. కావలసినది 440 అయితే యంత్రం అక్కడికి ఎత్తుతుంది.

ఐతే చిక్కు ఇక్కడే. కోతల పాటలోను, పడవవాని పాటలోను గొంతు స్వరం నుండి స్వరానికి జారుతుంది. అది తప్పు కాదు. ఆ బాణీకి ప్రాణమే అది. మెట్టుకు మెట్టుగా కొలిచే యంత్రాన్ని కఠినంగా బిగిస్తే, ఆ జారును దోషమనుకొని చదును చేస్తుంది. అట్లే, ఒకసారి పట్టిన డప్పు దెబ్బను కంప్యూటరు వేయిసార్లు మార్పులేకుండా మోగించగలదు. మనిషి చేతిలో ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు. ఎంత దిద్దాలి, ఎక్కడ ఆపాలి అన్నది చెవి చెప్పవలసినదే.

ఉపాధ్యాయులు ఒక పని చేయించవచ్చును. ఊరిలో పాత పాటలు తెలిసిన పెద్దల అనుమతితో ఒక పాటను ఫోనులో రికార్డు చేసి, నిమిషానికి ఎన్ని దెబ్బలో, గొంతు ఎక్కడ జారిందో విద్యార్థులచేత గుర్తింపజేయండి. పాడినవారి పేరు, ఊరు తప్పక వ్రాయించండి. యంత్రం దిద్దకముందు మన పాట ఎట్లా ఉండేదో తెలుసుకొనడానికి రేపటివారికి ఆ ప్రతి ఒక్కటే ఆధారం కావచ్చును.